బాలమణిగారి చెస్ట్‌నట్ కూర

సెప్టెంబర్ 28, 1985, శనివారం. నేపర్‌విల్.

యావదాంధ్ర ప్రజానీకానికీ, ఇల్లినాయి రాష్ట్రంలోని సమస్త వృక్షజాతికీ, పాకశాస్త్రం కనిపెట్టిన మహానుభావులకీ, నాకు స్టాటిస్టిక్స్ నేర్పబోయి భంగపడిన ప్రొఫెసర్లకీ ఇందుమూలంగా సాష్టాంగ క్షమాపణ. ఇకపై ఈ పేజీల్లో జరగబోయే సకల అపచారాలకూ నాదే పూచీ. ఒక పెద్దమనిషి దుఃఖం పక్కన కూర్చుని జోకులు వేసుకున్న పాపం కూడా అందులో కలుపుకోవచ్చు. పెద్దలు మన్నించాలి. ఇది చదివే పెద్ద నేనొక్కణ్ణే కాబట్టి ఇప్పుడే మన్నించేశాను. తీర్మానం ఏకగ్రీవం.

విషయానికొస్తే, పీహెచ్‌డీ క్వాలిఫయర్ పరీక్ష తప్పాను. మళ్ళీ జనవరిలో రాయాలి. అక్క ఫోన్ చేసి, "అక్కడ గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కునే బదులు మా ఇంటికొచ్చి చదువుకో. మావయ్యగారు పగలంతా ఒక్కరే ఉంటున్నారు. నువ్వుంటే నాకు కాస్త ధైర్యం" అంది. అక్క విద్య హాస్పిటల్ లాబ్‌లో పనిచేస్తుంది. జగన్మోహన్ బావ పొద్దున్నే రైలెక్కి షికాగో పోతాడు. కాబట్టి నా ప్రస్తుత ఉద్యోగం తోడు. జీతం, భోజనం.

తోడు బావ నాన్నగారు వీరాంజనేయులుగారికి. అమలాపురంలో హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. వాళ్ళావిడ బాలమణిగారు పోయినేడాది ఆషాఢంలో పోయారు. ఈ మేలో బావ ఆయన్ని ఇక్కడికి తెచ్చుకున్నాడు. ఆయన మితభాషి. మనుషులతో.

డైనింగ్ టేబుల్ దగ్గర ఆయనకి ఎదురుగా ఉన్న కుర్చీలో ఎవరూ కూర్చోకూడదు. అలాగని రూలేమీ లేదు. వచ్చిన రోజు నేను అందులో కూర్చోబోతే అక్క నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. అంతే.

ఈ సాయంత్రం నది పక్కన పార్కులో నడుస్తున్నాం. ఆయన హఠాత్తుగా ఆగి, వంగి, గడ్డిలోంచి ఒక ఆకుపచ్చ కాయ తీశారు. నిమ్మకాయంత ఉంది. ఒళ్ళంతా పొట్టి పొట్టి ముళ్ళు.

"శంకరం! ఏవిట్రా ఇది?"

"కాయండీ."

"కాయని నాకూ తెలుసు. సరిగ్గా చూడు. పిల్ల పనసకాయలా లేదూ?"

చీల్చారు. లోపల నున్నగా, మెరిసిపోతూ ఒక పెద్ద గోధుమరంగు గింజ. "చెస్ట్‌నట్ అంటారండీ. ఇక్కడివాళ్ళు కాల్చుకు తింటారు" అని సగర్వంగా చెప్పాను. క్రిస్మస్ కార్డుల మీద సంపాదించిన పాండిత్యం.

"కాల్చుకు తింటారూ..." అని ఆయన మెల్లిగా అన్నారు. గింజ స్వెట్టర్ జేబులో వేసుకున్నారు. ఇల్లు చేరేదాకా ఆ జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

సెప్టెంబర్ 29, ఆదివారం.

మహాలయ పక్షం మొదలైంది. బావ పంచాంగం తిరగేసి తేల్చాడు. భర్త బతికుండగా పోయిన ఆడవాళ్ళకి అవిధవ నవమినాడు పెట్టాలట. అది రేపు కాక పై సోమవారం. బావ తర్పణం విడుస్తాడు, అక్క మడికట్టుకుని వండుతుంది, కాకికి పిండం పెడతారు, కాకి ముట్టాక మనం భోంచేస్తాం.

"కాకులున్నాయా ఇక్కడ?" అన్నారు మావయ్యగారు.

"ఉన్నాయి నాన్నా. మనవాటికన్నా లావు."

"అయితే పనస కూర ఉండాలి. తద్దినంలో పనస ఒక్కటి పడితే ఆరువందల కూరలు వడ్డించినట్టు."

"పనస ఎక్కణ్ణుంచి తేను నాన్నా? సిటీలో టిన్నుల్లో దొరుకుతుంది. అదీ పాకంలో వేసి."

"డబ్బాలోది మీ అమ్మకి పెడతావురా?"

బావ తల దించుకున్నాడు. ఆయన జేబులోంచి గింజ తీసి టేబుల్ మీద పెట్టారు. ఎదురు కుర్చీ వైపు కొంచెం జరిపారు.

"ఇవి చాలు. రూపం కూడా అదే. ఆవ పెట్టి చెయ్యమ్మా విద్యా."

అక్క నన్ను చూసింది. నేను పైకప్పు చూశాను.

అక్టోబర్ 1, మంగళవారం.

మధ్యాహ్నం పూట ఈ వీధిలో మనిషి జాడ ఉండదు. ఇళ్ళు ఉంటాయి, కత్తిరించిన లాన్లు ఉంటాయి, అంతే. దయ్యాలకి పాడుబడ్డ కొంప కావాలనేది పాతకాలపు అపోహ. గోడ నుంచి గోడకి కార్పెట్ ఉంటే చాలు, ఎవరు నడిచినా చప్పుడు రాదు.

పక్కగదిలో చదువుతున్నాను (అనగా పుస్తకం తెరిచి ఉంది). ఆయన గొంతు వినపడింది.

"బాలా, కోపం పోయిందా?"

తర్వాత ఆగారు. జవాబు కోసం ఎవరైనా ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగారు.

మంచినీళ్ళ వంకతో వెళ్ళాను. ఆయనేమీ సిగ్గుపడలేదు. కూర్చోమన్నారు. పక్క కుర్చీలో.

"పోయే ముందు వారం కాల్చిన పనసగింజలు అడిగిందిరా. అరగవు, పెట్టొద్దన్నాడు డాక్టరు. పక్కింటి పిల్లని బతిమాలి కాల్పించుకుంది. గుప్పెట్లో దాచుకుని తింటోంది. నేను చూశాను. గుప్పెట విప్పదీసి గింజలన్నీ దొడ్లోకి విసిరేశాను. హెడ్మాస్టర్ని కదా! అదిగో, అప్పుడు గోడవైపు తిరిగింది. మరి నాతో మాట్లాడలేదు."

"జబ్బుమనిషి కదండీ. ఓపిక ఉండొద్దూ?"

"చెల్లెలితో మాట్లాడింది. పాలమనిషితో మాట్లాడింది. నాతోనే లేదు. అసలు నాతో ఎప్పుడూ పెద్ద మాటలేముండేవి కావులే. ఏదడిగినా ఆ బొంగురు గొంతుతో 'ఊఁ' అనేది. అవునన్నా ఊఁ, కాదన్నా ఊఁ. ఏది ఏ ఊఁ అన్నది నాకు తెలిసేది. పోయే వారం అదీ లేదు."

మళ్ళీ ఆయనే అన్నారు: "నవమినాడు ముట్టిందా, కోపం పోయినట్టు. ముట్టలేదా, పోనట్టు. అంతేరా."

నాకు మంచి జోకులు తట్టాయి. ఒక్కటీ రాయబుద్ధి కావడం లేదు.

అక్టోబర్ 3.

పొద్దున్న ఎదురు కుర్చీ టేబుల్‌కి దూరంగా జరిగి ఉంది. నేల వాలు. ఇళ్ళు హడావిడిగా కట్టేస్తారు ఇక్కడ.

అక్టోబర్ 5, శనివారం.

గింజల సేకరణ మహోత్సవం. ఆయనా, నేనూ, రెండు కిరాణా సంచులూ. పార్కులో పిల్లలు మమ్మల్ని ఆసక్తిగా చూశారు. ఒక కుక్క కూడా.

చెట్లు రెండు రకాలున్నాయి. ఒకదాని కాయలు మనకి కావలసినట్టే, పొట్టి ముళ్ళతో పచ్చగా ఉన్నాయి. కొంచెం దూరంలో ఇంకో చెట్టు కింద ఇంకోరకం, సన్నటి ముళ్ళు ఒత్తుగా నిక్కబొడుచుకుని. నేనొకటి పట్టుకుని కెవ్వుమన్నాను.

"అది పారెయ్యి" అన్నారు ఆయన. "ముళ్ళపందిలా ఉంది. పనస ముళ్ళు అలా ఉంటాయా ఎక్కడైనా? గింజలు చూడు, చప్పిడిగా, తోకలు కూడాను. ఇదిగో, ఇది పనస లక్షణం."

కోనసీమలో పుట్టి పెరిగిన మనిషికి పనస లక్షణం చెప్పడానికి నేనెవర్ని? సంచులు నింపాం. ఇంటికొచ్చాక ఆయన సింకు దగ్గర ఒక్కో గింజా కడిగి తువ్వాలు మీద ఆరబెట్టారు. మంచివన్నీ ఎదురు కుర్చీ వైపు పెట్టారు.

అక్టోబర్ 7, సోమవారం. నవమి.

రాయక తప్పదు.

అక్క తలస్నానం చేసి తడిబట్టతో వంటింట్లో దూరింది. గింజలు ఉడకబెట్టి పెంకు తీస్తే లోపల తెల్లగా, అచ్చం పనసగింజలే. మిరియాలు, చింతపండు, చివర్న ఆవ నూరి కలిపింది. వంటిల్లంతా ఆవ ఘాటు. మావయ్యగారు గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నారు. ఘాటుకే.

"ఉప్పు చూడనా అక్కా?"

"ముట్టావంటే చేతులు విరగ్గొడతాను! పితృదేవతలకి ఎంగిలి పెడతావా వెధవా?"

ఎవరూ రుచి చూడలేదు. చూడకూడదు. అదీ మన పద్ధతి.

పెరట్లో పిక్నిక్ బల్ల మీద ఆకు బదులు కాగితం పళ్ళెంలో పెట్టారు. అన్నం ముద్ద, దాని పక్కన కూర. బావ చేతులు జోడించి "కావ్, కావ్" అని పిలిచాడు, షికాగోలో సూటేసుకుని తిరిగే బావ. రెండు కాకులొచ్చాయి. ఒకటి బల్లెక్కింది. కూర ముక్క నోట కరిచింది.

మావయ్యగారు నా భుజం పట్టుకున్నారు.

కాకి ముక్కని కింద పడేసింది. ముక్కుని చెక్కకేసి అటూ ఇటూ రాసి తుడుచుకుంది. ఎగిరిపోయింది. రెండోది దాని వెనకాలే.

మళ్ళీ ఏదీ రాలేదు. పొద్దు వాలేదాకా నిలబడ్డాం.

"నాన్నా, ఇక్కడి కాకులకి మన ఫుడ్ అలవాటుండదు..."

"నోట పెట్టుకుందిరా" అన్నారాయన. "పెట్టుకుని ఉమ్మేసింది."

లోపలికెళ్ళిపోయారు. అక్క గిన్నెలోంచి ఒక ముక్క నోట్లో వేసుకుని సింకు దగ్గరికి పరుగెత్తింది. "అమ్మో! చేదు! చేదు విషం!"

ఆయన భోజనానికి రాలేదు.

అక్టోబర్ 8, మంగళవారం.

పక్కింటి మిసెస్ నోవాక్ కంచె దగ్గర ఆకులు ఊడుస్తోంది. మిగిలిన గింజలు చూపించాను. ఆవిడ చీపురు కింద పడేసింది. తిన్నారా? ఎవరైనా మింగారా? లేదని ఒట్టేసినంత పని చేశాక గుండెల మీద చెయ్యి తీసింది. ఇవి హార్స్ చెస్ట్‌నట్‌లట. పిల్లలు ఆడుకోవడానికి. తింటే ఆస్పత్రే. అసలైనవి వేరు. వాటి కాయలకి ఒళ్ళంతా సన్నటి ముళ్ళు, గింజలు ఒక పక్క చప్పిడిగా, కొసన చిన్న తోకతో ఉంటాయి.

ముళ్ళపంది!

పేరులో గుర్రం ఉంది గాని గుర్రాలక్కూడా పెట్టరట. నా క్రిస్మస్ కార్డు పాండిత్యానికి జయహో.

పరుగెత్తుకెళ్ళి ఆయనకి చెప్పాను. "తప్పంతా గింజదండీ! కాకి ఉమ్మింది చేదుకి. అత్తయ్యగారి కోపానికీ దానికీ సంబంధమే లేదు!"

ఆయన మంచం మీద కూర్చునే ఉన్నారు. చాలాసేపు నన్ను చూశారు, మార్కులు వెయ్యబోయేవాడిలా.

"అది కాదురా శంకరం. మొదటిసారి చేతిలోవి లాక్కున్నాను. ఈసారి విషం పెట్టాను."



అక్టోబర్ 9.

నిన్నా, ఇవాళా ఆయన మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు. అక్క ఏడ్చింది. బావ కేకలేశాడు, తర్వాత వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"తిథి తప్పిపోయినవాళ్ళకి అమావాస్యనాడు పెట్టొచ్చు నాన్నా. ఆదివారం. ఇంకోసారి చేద్దాం. అప్పటిదాకా కాస్త తిను."

"ఆవిడ తిన్నాక" అన్నారు.

"ఆదివారం కూడా ముట్టకపోతే?"

బావ వంటింట్లోకొచ్చి, "డాక్టర్‌ని అడిగాను. ఇలాగే ఉంటే అడ్మిట్ చెయ్యాలన్నాడు. షుగర్ ఉన్న మనిషి" అని గోడతో చెప్పాడు.

అక్టోబర్ 10, గురువారం.

ముళ్ళపంది చెట్టు దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. బూటుతో కాయని తొక్కిపెట్టి దొర్లిస్తే విచ్చుకుంటుంది (మిసెస్ నోవాక్ ఉపదేశం). అయినా చేతులనిండా ముళ్ళే. అవి పీకుతూ ఇది రాస్తున్నాను.

నీళ్ళలో పోశాను. తేలినవి పురుగువి, పారెయ్యాలి. మునిగినవాటికి ఉబ్బెత్తు వైపు కత్తితో అడ్డంగా, నిలువుగా గాటు పెట్టి ఉడకబెట్టాలి. వేడిగా ఉండగానే ఒలవాలి. పైపెంకు సులువుగా వస్తుంది. లోపల ఇంకో పొర ఉంటుంది, నూగుగా, గింజ ముడతల్లోకి దూరి. చల్లారిందా, ఇక ఊడదు. అది ఉంటే వగరు. చాలా మొండి పొర. ఎవరి స్వభావమో గుర్తుకొచ్చింది, రాయను.

ఒకటి నోట్లో వేసుకున్నాను. ఇవాళ తద్దినం కాదు కాబట్టి ఎంగిలి దోషం లేదు. పనసగింజే. దేవుడి సాక్షిగా కాల్చిన పనసగింజే.

కొన్ని ఓవెన్‌లో పెట్టాను, ఆయన చేత ఒక్కటైనా తినిపిద్దామని. గాటు పెట్టడం మర్చిపోయిన ఒకటి ఫిరంగిలా పేలింది. నేను సోఫా వెనక్కి దూకాను. గదిలోంచి ఆయన వచ్చేశారు. గోడ పట్టుకుని, వణుకుతూ.

"బాలా?"

"నేనండీ. గింజ పేలింది."

"ఓహో" అని వెనక్కెళ్ళిపోయారు. గింజ తినలేదు.

అక్టోబర్ 11.

మధ్యాహ్నం ఎవరో గింజలు ఒలుస్తున్న చప్పుడు. టక్, టక్. ఆయన నిద్రలో ఉన్నారు. వంటింట్లో ఎవరూ లేరు. హీటరు గొట్టాలు వేడెక్కితే అలాగే చప్పుడు చేస్తాయి.

అక్టోబర్ 12.

హీటరు ఇంకా ఆన్ చెయ్యలేదట ఈ ఏడాది. అయితే ఏమిటి?

అక్టోబర్ 13, ఆదివారం. అమావాస్య.

మళ్ళీ మడి, మళ్ళీ ఆవ ఘాటు. ఒలిచింది నేనే, స్నానం చేసి, అక్క ఇచ్చిన బావ పంచె కట్టుకుని. పంచెలో నన్ను చూసి అక్కకి నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

పళ్ళెం బల్ల మీద పెట్టాం. మావయ్యగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. నిలబడే ఓపిక లేదు. ఈ వారంలో ఆయన చొక్కా ఆయనకే పెద్దదైపోయింది.

కాకులు రాలేదు. చెట్టు మీదే ఉన్నాయి, చూస్తూనే ఉన్నాయి. మొన్నటి చేదు జ్ఞాపకం ఉన్నట్టుంది. బావ పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు.

వచ్చింది ఉడత. బల్లెక్కి, పళ్ళెం ముందు రెండు చేతులూ జోడించినట్టు నిలబడి, ఒక ముక్క తీసుకుని శుభ్రంగా తినేసింది. ఇంకోటి తీసుకుంది. ఇంకోటి. అన్నం ముట్టలేదు, కూర మాత్రం ఖాళీ.

అందరం మావయ్యగారి వైపు చూశాం.

"ఉడత లెక్కలోకి వస్తుందా?" అన్నారు చాలా సీరియస్‌గా.

బావ పూజారి ఎవరికో లాంగ్ డిస్టెన్స్ ఫోన్ చెయ్యడానికి బెడ్‌రూమ్‌లోకి పోయాడు. "లేదండీ, స్క్విరల్... స్క్విరల్ అండీ... ఉడత!" అని గోడల్లోంచి వినపడుతోంది. అక్క పళ్ళెం తియ్యడానికి పెరట్లోకెళ్ళింది. నేను ఆయన్ని నడిపించుకొచ్చి టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఆయన వీపు నా వైపు. ఎదురుగా ఆ కుర్చీ.

"బాలా" అన్నారు. "కాకి ముట్టలేదు. ఎవరో ముట్టారు. నాకు తెలియటం లేదే. చెప్పు. కోపం పోయిందా?"

ఆగారు.

ఈసారి ఎవరో "ఊఁ" అన్నారు.

అంతవరకే రాస్తాను. ఆయన భుజాలు కదిలాయి. టేబుల్ అంచు పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత, "విద్యా, ఆకలేస్తోందమ్మా" అని పెద్దగా కేకేశారు.

పాత ఇళ్ళలో కలప చప్పుడు చేస్తుంది. ఇది పాత ఇల్లు కాదు. ఫ్రిజ్ అయ్యుంటుంది.

అక్టోబర్ 14, సోమవారం.

ఆయన రెండుసార్లు పెరుగన్నం మారడిగి వేయించుకున్నారు. బాలమణి పలికిందని ఆయన చెబితే బావ బాత్రూమ్‌లోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. అక్క నన్ను నిలదీసింది.

"నువ్వక్కడే ఉన్నావుగా. నీకూ వినపడిందా?"

"ఏదో వినపడిందక్కా."

అబద్ధం కాదు.

అక్టోబర్ 15.

నిద్ర లేదు. చదువు అసలే లేదు. టేబుల్ దగ్గర ఆ కుర్చీ వైపు వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను. ఎదురుగానూ కూర్చోలేకపోతున్నాను. నిలబడి తింటున్నాను. అక్క కోప్పడింది.

అక్టోబర్ 17, గురువారం.

ఇవాళ ఎండ బాగుంది. ఆయన పెరట్లో బల్ల దగ్గర కూర్చుని, ఓవెన్‌లోంచి తెచ్చిన గింజలు వేళ్ళు కాలుతుంటే ఊదుకుంటూ ఒలుస్తున్నారు. ఒలిచినవి నా చేతిలో పెడుతున్నారు. బుగ్గలు కాస్త నిండాయి.

"నీకు నమ్మకం లేదు కదురా శంకరం."

"దేనిమీదండీ?"

"ఆవిడ పలికిందంటే."

"అబ్బే, ఉందండీ."

"లేకపోయినా ఫరవాలేదులే. ఒక్కసారే అయితే నేనూ నమ్మను. ముసలి చెవులు, ఆశకొద్దీ విన్నాననుకుందును. రెండుసార్లు అందిరా."

గింజ నా నోట్లో అలాగే ఉండిపోయింది.

"మొదట కోపం పోయిందా అని అడిగాను. ఊఁ అంది. తర్వాత, మరి నన్ను తినమంటావా అని అడిగాను. పైకి అనలేదు, మనసులోనే. దానికీ అంది. మొదటిదానికన్నా కొంచెం మెత్తగా. అదే అసలు ఆవిడ ఊఁ. ఇంకోటి తీసుకో, చల్లారితే పొర ఊడదు."

తీసుకున్నాను. ఒలిచాను. తిన్నాను.

ఇందాకటి నుంచి, రెండోది నాకు వినపడలేదు అని రాద్దామని కలం పట్టుకుని కూర్చున్నాను. రాయలేకపోతున్నాను. ఆ గుమ్మంలో నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాను, ఆయన కేకేసేదాకా తియ్యలేదు.

మొదటిది నేనన్నాను. గొంతు బొంగురు చేసి, పెదవులు విప్పకుండా, ఆయన ఇంక ఆగలేడనిపించి అనేశాను. ఒక్కసారే అన్నాను.